సీతారాములు అల్లిన నులక మంచం

"మంచం అల్లుడేమన్న పెద్ద ముచ్చటనా పల్లవమ్మా," అన్నాడు సీతారాములు, తడి నులక ఉండను ఒళ్ళో పెట్టుకుని. "ఇరవై ఏండ్ల వయసుల, పొద్దుగాల సద్ది తిని కూసుంటే పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి ఒక మంచం దించేటోణ్ణి. దాని మీద రూపాయి బిళ్ళ ఏస్తే ఖంగుమని జానెడు ఎగిరేది. గంతే. ఎక్కువ చెప్ప."

ఎక్కువ చెప్పనన్నాడంటే ఎక్కువే చెప్పబోతున్నాడని ఆ పెరట్లో కూర్చున్న అందరికీ తెలుసు. జాన్సన్ తన స్టూలును ఇంకొంచెం ముందుకు జరుపుకున్నాడు. పల్లవి నోటుబుక్కు తెరిచింది.

వాళ్ళు ఆదివారం స్నేహితులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పే పల్లవి, అపార్ట్‌మెంట్లలో లిఫ్టులు బాగుచేసే జాన్సన్, సిటీ బస్సులో ముప్పై ఏళ్ళు టికెట్లు కొట్టి రిటైరైన సీతారాములు. పల్లె పనులంటే ముగ్గురికీ సరదా. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే బడంగ్‌పేట్‌లో తమ స్నేహితుడు నర్సింహ ఇంటి పెరట్లో చేరతారు. ఒక వారం విసుర్రాయి మీద కందులు విసిరారు. ఇంకో వారం ఈతాకుతో చీపుర్లు కట్టారు. పల్లవి కట్టిన చీపురు మొదటి రోజే విడిపోయింది గానీ, ఎందుకు విడిపోయిందో తెలుసుకునేదాకా ఆ పిల్లకు నిద్రపట్టలేదు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఇంట్లో, మూడో అంతస్తులో పెరిగింది. ఏ పనైనా సరే, మొదటి ముడి ఎక్కడ పడుతుందో చూడాలి తనకి.

ఈ మంచం సంగతి మొదలైంది నర్సింహ తల్లి సోమమ్మ వల్ల. ఆమెకు డెబ్భై అయిదు దాటాయి. నర్సింహ ప్లాట్ల వ్యాపారం చేసి ఇల్లు కట్టాడు, తల్లికి మెత్తటి పరుపు కొన్నాడు. ఆమేమో, "గా పరుపు మీద పండుకుంటే బురదల దిగినట్టుంటది బిడ్డా," అని నేల మీద పడుకోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే లేవాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు. నెలరోజులుగా సరైన నిద్ర లేదు. మేడ మీద పాత మంచం చట్రం ఉంది, అల్లేవాళ్ళే లేరు. అప్పుడు సీతారాములు లేచి నిలబడి, "నేనున్న గదక్కా!" అన్నాడు.

అది నాలుగు వారాల కిందటి మాట. మొదటి వారం చట్రం ఎండలో కాగాలన్నాడు. రెండో వారం నులక మంచిది కాదన్నాడు. మూడో వారం బొటనవేలికి పట్టీ వేసుకొచ్చాడు. ఈ వారం పల్లవే హయత్‌నగర్ మార్కెట్‌కి వెళ్ళి జనపనార నులక తెచ్చింది, రాత్రంతా నీళ్ళలో నానబెట్టింది. కాగిన చట్రం పెరటి మధ్యలో నాలుగు కోళ్ళ మీద నిలబడి ఉంది. నర్సింహ ఎవరికో ప్లాటు చూపించాలని బయటికి వెళ్ళాడు. సోమమ్మ కుర్చీలో కూర్చుని చాటలో పల్లికాయ ఒలుస్తోంది.

"మొదటి ముడి ఎక్కడ వేస్తారండీ?" అడిగింది పల్లవి. "తలవైపా, కాళ్ళవైపా?"

"ముడిదేముందమ్మా, ఎవడన్న ఏస్తడు. బిగువు చెప్తున్న, ఇను. మా ఇంట్ల ఒక పిల్లుండె. గోడ మీదికెల్లి నా మంచం మీదికి దుంకింది. దుంకిన పిల్లి దుంకినట్టే మల్ల గోడ మీదికి పోయింది. దానికి సమజ్ కాలె. మల్ల దుంకింది, మల్ల గోడ. గట్ల పదకొండు సార్లు! పన్నెండోసారి అవతలి దిక్కు దిగి పోయింది, మల్ల మా గడప తొక్కలె. ఇప్పటికి సుత మా ఊరి పిల్లులు మంచం కనబడితే చుట్టు తిరిగి పోతయి."

"పదకొండు సార్లు ఎవరు లెక్కపెట్టిన్రన్నా?" అన్నాడు జాన్సన్.

"మా అమ్మ. పాలు పిల్లి తాగుతదని కర్ర పట్టుకొని నిలబడ్డది, ఇగ కొట్టుడెందుకని లెక్కపెట్టుకుంట కూసున్నది. పిల్లి ముచ్చట ఇడిసిపెట్టు, పల్లికాయ చెప్తా. సోమమ్మక్క గట్ల ఏళ్ళు నొప్పిపెట్టంగ ఒలుస్తున్నది చూసినవా? మాకు గా బాధనే లేదు. గంపెడు కాయ మంచం మీద గుమ్మరిస్తే సర్రున పైకి లేసేది, గాల్లనే పటపట పగిలేది, పొట్టు గాలికి పోయేది, పల్లీలు మాత్రం కింద చాప మీద కుప్ప. ఊరు ఊరంత బస్తాలు మోసుకొచ్చి మా ఇంటి ముందు లైను కట్టిన్రు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఎవరో వడ్లు పోసి చూసిన్రు. బియ్యం పడ్డయి! గిర్ని నడిపే అంతయ్య ఉరుక్కుంట ఒచ్చి, 'సీతారాములూ, నా పొట్ట కొట్టకు, జర మంచం వదులు జెయ్యి' అని దండం పెట్టిండు."

పల్లవి నవ్వింది. కానీ పెన్ను పక్కన పెట్టలేదు. "ఎలా వదులు చేశారండీ? అంటే... బిగించాక వదులు చెయ్యడం కుదురుతుందా? తాడు ఎక్కడ పట్టుకుని లాగాలి?"

సీతారాములు ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం పల్లవి గమనించింది. అల్లకం గురించి అడిగిన ప్రతిసారీ ఆయన ఒక క్షణం ఆగుతున్నాడు, వెంటనే కథ ఇంకో మెట్టు ఎక్కుతోంది.

"వదులు ఎందుకు చేస్త? పంతం గదా! గట్లనే ఉంచిన. గప్పుడే మా మ్యానమామ మట్టయ్య ఒచ్చిండు. మనిషి క్వింటలుకు రెండు కిలోలు తక్కువ. పెండ్లి బువ్వ తిని, ఎండకు పడి ఒచ్చి, 'అబ్బా' అని దబ్బున మంచం మీద కూలబడ్డడు. ఏమైందో ఎరుకేనా?"

"మంచం ఇరిగింది," అన్నాడు జాన్సన్.

"కిర్రుమన్లె! చూస్తే మంచం ఉన్నది, మామ లేడు. పైకి చూసిన. తాటిచెట్టు మీద కల్లు కుండ కాడ ఉన్నడు. కల్లు గీసెటాయన అక్కడే ఉండె, 'ఏంది మట్టన్నా, నడుముకు మోకు లేకుంటనే చెట్టెక్కినవ్?' అన్నడట. మామ ఒక గుక్క తాగిండు, దిగిండు. దిగుడు దిగుడు మంచం మీదనే. మల్ల పైకి! పోతా పోతా నాకు చెయ్యి చాపిండు. 'ఏంది మామా?' అంటే, 'గుప్పెడు పల్లీలియ్యరా, ఉత్తగనే తాగుతున్న' అన్నడు. ఇచ్చిన."

ఈసారి సోమమ్మ కూడా నవ్వింది. చాటలో కాయలు కదిలాయి.

"లిఫ్టుకు గూడ అంత స్పీడుండదన్నా," అన్నాడు జాన్సన్.

"లిఫ్టు కరెంటు పోతే ఆగుతది, నా మంచం ఆగదు. ఇగ కల్లు కడుపుల పడ్డంక బరువు పెరుగుతది గదా, బరువు పెరిగినకొద్ది ఎత్తు పెరుగుతది. మూడోసారి పోయినోడు చెట్టు దాటిండు, గుట్ట దాటిండు. ఎల్బీనగర్ చౌరస్తా కనబడ్డదట, ఎర్ర లైటు పడ్డదని గూడ చెప్పిండు. గప్పుడే గాలి తిరిగింది. పోయి పోయి హైవే మీద పోతున్న బస్సు టాపు మీద పడ్డడు. గా బస్సు ఎవరిదనుకున్నవ్? నాదే! నేనే పైకెక్కి, 'మామా, నెత్తి మీద కూసున్నా టికెట్ టికెట్టే' అని కొట్టిచ్చిన."

జాన్సన్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, జర ఆగు. మామకు పల్లీలిచ్చిందెవరు?"

"నేనే."

"టికెట్ కొట్టింది?"

"నేనే."

"మంచం కాడ ఉన్నోనివి బస్సులకెట్ల పోయినవ్?"

సీతారాములు గ్లాసెత్తి తీరిగ్గా తాగాడు. గ్లాసు అప్పటికే ఖాళీ అని పల్లవికి కనిపిస్తూనే ఉంది. దించాక ఆయన మొహం వెలిగిపోయింది.

"ఎట్ల పోతరు? మామ పోయినంక మంచం ఖాళీనే గదా! నేను కూసున్న. సన్నటోణ్ణి, జల్ది పోయిన. మామ ఇంకా మబ్బుల్లనే ఉన్నడు, నేను డ్యూటీ ఎక్కిన."

జాన్సన్ రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. పల్లవి కళ్ళు తుడుచుకుంది. ఇంత బాగా చెప్పే మనిషిని తను ఇంతవరకూ చూడలేదు. అయినా ఆమె చూపు కథ దగ్గర లేదు, ఆయన చేతి మీద ఉంది. గంట నుంచీ నులక కొస ఆ పిడికిట్లోనే ఉంది. బొటనవేలు దాన్ని రుద్దుతోంది. ఒక్క చుట్టు కూడా చట్రానికి తగల్లేదు. మంచం గురించి ఇంత తెలిసినాయన మంచం వైపు కన్నెత్తి చూడడెందుకు?

"ఒక్క సందేహం అండీ," అంది. "హయత్‌నగర్‌లో నులక కొన్నచోట ఒక పాత మంచం చూశాను. కాళ్ళవైపు మూరెడు మేర అల్లలేదు, విడిగా తాళ్ళు కట్టారు. అది ఎందుకు?"

"గదా... గాలికమ్మా. పాదాలకు గాలి తగలొద్దా? నేనల్లిన మంచానికి గా తాళ్ళు గూడ పెట్టలె. గీ కొసకెల్లి గా కొస దాక సందు లేకుండ అల్లిన. గందుకే అంత బిగువు!"

పల్లికాయ ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"తమ్మీ," అంది సోమమ్మ.

"అక్కా."

"కాళ్ళ దిక్కు తాళ్ళు గుంజితేనే మంచానికి బిగువొచ్చేది. గవ్వే పెట్టలేదంటున్నవ్. గట్లయితే మీ మామ కూసుంటే పైకి పోడు బిడ్డా. నడుము నేలకు తాకుతది."

జాన్సన్ మెల్లగా, "మరి బస్సు?" అన్నాడు.

"బస్సెందుకు? గాయినను లేపనీకి ఇద్దరు మనుషులు గావాలె."

జాన్సన్ స్టూలు మీద నుంచి పడబోయి ఆగాడు. పల్లవి కూడా నవ్వేసేదే గానీ, సీతారాములు మొహం చూసి ఆపుకుంది. ఆయన నులక ఉండను ఒళ్ళోంచి తీసి, పగిలే వస్తువులాగా నేల మీద పెట్టాడు.

"నాకు అల్లుడు రాదక్కా," అన్నాడు. "మా ఊర్ల వేరేటోళ్ళు అల్లుతుంటె చూసిన. దగ్గరికెల్లి గూడ చూడలె."

"మరి ఆ రోజు ఎందుకు ఒప్పుకున్నారండీ?" అడిగింది పల్లవి. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"అక్క నిద్ర పడ్తలేదన్నది. అల్లేటోళ్ళు ఎవరన్న ఉన్నరా అంటే అందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. నాకేమో ఊకుండ రాదు. నోట్లకెల్లి వచ్చేసింది. రెండు వారాల సంది మనిషి కోసం తిరుగుతున్న. హయత్‌నగర్ల ఇద్దరున్నరన్నరు. ఒకాయన చూపు పోయిందన్నడు, ఇంకొకాయన లేనే లేడు. వేలుకు పట్టీ గందుకే కట్టుకున్న, వేలుకేం కాలె."

సోమమ్మ చాట పక్కన పెట్టింది. కుర్చీ పట్టుకుని లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది.

"కుర్చీ జర మంచం కాడికి జరుపు, జాన్సన్," అంది. "నా చేతుల్ల బలం లేదు గాని, కండ్లున్నయి. ఓ పిల్లా, కాళ్ళ దిక్కు మూరెడు ఇడిచి గా లావు తాడు అడ్డం కట్టు. ముడి ఎడమ పక్క. తమ్మీ, నువ్వు గా దిక్కు కూసో."

మొదటి ముడి కాళ్ళవైపు పడింది. పల్లవి నోటుబుక్కులో రాసుకోలేదు, చేతులు ఖాళీ లేవు. ఉండ పైనుంచి వెళ్ళాలి, కింద నుంచి రావాలి. జాన్సన్ అందుకుని తిప్పి ఇవ్వాలి, సీతారాములు వదలకుండా పట్టుకోవాలి. మూడుసార్లు వరస తప్పారు, మూడుసార్లూ సోమమ్మ విప్పించింది. బిగించి అల్లబోతే పల్లవిని వారించింది. "వదులుగనే పోనియ్యి. ఇప్పుడే గుంజితె ఆఖరుకు చెయ్యి పట్టదు." వదులుగా అల్లినది బిగువెలా అవుతుందో పల్లవికి అంతుపట్టలేదు. అడగాలని నోటిదాకా వచ్చింది, చూద్దామని ఊరుకుంది. మధ్యాహ్నం చేతుల్లోనే పట్టుకుని జొన్నరొట్టె తిన్నారు. సీతారాములు ఒక్క ముచ్చట చెప్పలేదు. మాట్లాడితే వరస తప్పుతానని భయం.

నాలుగింటికి అల్లకం అయింది. మంచం మధ్యలో ఊయలలాగా వేలాడుతోంది. "ఇప్పుడు కాళ్ళ దిక్కు తాళ్ళు," అంది సోమమ్మ. పల్లవి అడ్డతాడుకీ చట్రానికీ మధ్య తాళ్ళు దూర్చింది, సీతారాములు పాదం చట్రానికి తన్నిపెట్టి, వెనక్కి వాలి లాగాడు. ఒక్కో తాడు బిగిసేకొద్దీ పల్లవి కళ్ళ ముందే ఆ వందల వరసలు తలవైపు దాకా ఒకదాన్నొకటి పట్టుకుని పైకి లేచాయి. వేలాడిన నడుము సాపయింది. అరచేత్తో తట్టి చూసింది. డప్పులా పలికింది.

"అంటే... బిగువంతా చివర్లో వస్తుందన్నమాట!" అంది, ఎవరితోనో కాదు, తనతోనే.

పల్లవి, జాన్సన్ చెరో పక్కన పట్టుకుంటే సోమమ్మ మెల్లగా ఒరిగింది. గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది. అప్పుడే నర్సింహ బండి ఆపి లోపలికొచ్చాడు. మంచాన్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అరె, అయిపోయిందా! ఎవరల్లిన్రు?"

సీతారాములు నడుము సవరించుకుని లేచాడు. పొద్దుటి గొంతు తిరిగొచ్చింది. "ఎవరల్లుతరు నర్సింహా? పొద్దుగాల కూసున్న, ఇప్పుడు లేసిన."

"అల్లింది గీ పిల్ల, జాన్సన్ ఇద్దరు," అంది సోమమ్మ, కళ్ళు తెరవకుండానే. "నువ్వు తాడు గుంజినవ్."

"గుంజుడు గూడ పనే గదక్కా."

తల్లి నిద్రపోయిందేమో అనుకుని నర్సింహ చెప్పులు విప్పి చప్పుడు కాకుండా అడుగేశాడు. పల్లవి నులక ముక్కలు ఏరుతోంది. సీతారాములు తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. రెండింటి మీదా ఎర్రటి గీతలు తేలి ఉన్నాయి.

"పనే," అంది సోమమ్మ, గోడవైపు తిరిగే. "గట్టిగ గుంజినవ్."

దానికి సీతారాములు ఇంకో మాట కూడా కలపలేదు.