జైతూనక్క పంచిన మాత్రలు

సోదర సోదరీమణులారా, రాస్ తనూరా నుంచీ ధహ్రాన్ నుంచీ వచ్చిన మిత్రులారా, యజమాని అయిన కఫీల్ ఇంట అనుమతి అడిగి మరీ వచ్చిన అక్కలారా. హుఫూఫ్‌లో మనం కూడినప్పుడల్లా వంట చూసుకున్న మనిషి నేడు లేరు. కడప జిల్లా నుంచి ఈ సౌదీకి వచ్చి ఇక్కడి ఇళ్లలో పనిచేసిన జైతూన్ బీ, మనందరి జైతూనక్క, గత ఆదివారం కన్నుమూశారు.

ఆమె ఎలా పోయారో తలా ఒక రకంగా చెబుతున్నారు. ఆసుపత్రిలో వైద్యుల మాటలను ఆమెకు తెలుగులో చెప్పినవాణ్ని నేను. కనుక జరిగిన వరుసలోనే చెబుతాను.

వేసవిలో ఆమె కాళ్లు వాచాయి, మూత్రం తగ్గిపోయింది. కాళ్ల నుంచీ మూత్రపిండాల నుంచీ రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర కడుపులో మూసుకుపోయిందన్నారు. రక్తం వెళ్లే దారి లేక మూత్రపిండాలు ఉబ్బి, పని మానేస్తున్నాయి. ఆ సిరలో స్టెంట్ అమర్చారు. దారి తెరుచుకుంది, మూత్రపిండాలు తేరుకున్నాయి. అప్పుడు అక్క ఏమన్నారో తెలుసా? "కడుపులో గొట్టం పెట్టినారు గదా తమ్ముడూ, ఇకామా కార్డు లేకుంటే దాన్ని ఈ దేశంలో ఉండనిస్తారో లేదో, కనుక్కో."

రక్తాన్ని పలచగా ఉంచే మాత్ర ఒక్క పూట కూడా మానవద్దని, మానితే స్టెంట్ మళ్లీ మూసుకుపోతుందని వైద్యులు గట్టిగా చెప్పారు. ఆమెకు అర్థమైంది. మరి ఎందుకు మానారు?

మనం ఎలా బతుకుతామో మనకు తెలియదా? తలనొప్పి ఒకరిది, మాత్ర మరొకరిది. ఆసుపత్రికి సెలవు దొరకని చోట అదే మన వైద్యం. మన ఇమ్రాన్ నడుము పట్టేసిననాడు, పొయ్యి మీది వంట ఆపి, మాత్రా వేడి గంజీ పట్టుకెళ్లిన మనిషి ఆమె. అలాంటి మనిషికి పక్కింట్లో పనిచేసే పర్వీన్ కాళ్ల వాపు కనబడింది. తన మాత్రలే ఇచ్చేశారు. "నా వాపు దిగిపాయ, నీదీ దిగుతాది, మింగు" అన్నారట. తనకు మిగలలేదని ఎవరికీ చెప్పలేదు. మళ్లీ తెచ్చుకోవడానికి సెలవు దొరికేలోపు సిర మూసుకుపోయింది. ఈసారి మూత్రపిండాలు తేరుకోలేదు.

పర్వీన్ వాపుకు కారణం వేరని తరువాత తేలింది. ఆ మాత్ర ఆమెకు అక్కరలేదు సరికదా, అపాయం కూడా. అక్క చేతిని నేను తప్పు పట్టలేను. కానీ ఆ అలవాటును ఇకనైనా మానమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

పర్వీన్ ఈ సభకు రానన్నది. అక్క ప్రాణం తానే మింగానంటున్నది. బతిమాలి తీసుకొచ్చాం. అదిగో, తలుపు దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. చెల్లెమ్మా, నువ్వు అడగలేదు. ఆమె ఇచ్చారు. నీ చోట ఎవరున్నా ఆమె ఇచ్చేవారు.

ఇక అందరం లేద్దాం. అక్కలారా, మీలో కొందరు వెళ్లి పర్వీన్ పక్కన నిలబడండి, ఆమె చేయి పట్టుకోండి. కాసేపు మాటలు వద్దు. జైతూనక్క కోసం మౌనంగా ఉందాం.