పెదాలు ఎర్రబడేంత కిందికి

"అవ్వా, మా నాయన్నెత్తుకొని విమానం ఎక్కినావంట కదా, చెప్పు" అంటివి. చెప్తాండా. ఆ ఫోను కొంచెం దూరం పెట్టుకో, మొకం మీదికి తెస్తావేంది.

ఎక్కినా. మీ నాయన అప్పుడు ఏడు నెలల పసిగుడ్డు. కాదు కాదు, ఇంకో నెల ఎక్కువే, అప్పుటికే పండ్లు వస్తాండె. రొమ్ము పట్టేసి ఎగశ్వాస. బళ్లారి డాక్టరు చేతులెత్తేసి, బెంగళూరుకు తీసకపొమ్మనె. మీ తాత గని సావుకారి దగ్గర జీపు డ్రైవరు కదా, ఆ సావుకారికి చిన్న విమానం ఉండె. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, అంతే. సావుకారు మంచోడే, అడగంగానే పంపె, ఆయన పెండ్లామే... వద్దులే, పోయినామె మాట ఎందుకు.

నడిపేది ఒక కన్నడాయప్ప, చిన్న వయసు. ఎక్కకముందే మా అత్త గాలి తగుల్తాదని పిల్లోనికి చెవుల్లో దూది, నెత్తికి కుల్లాయి పెట్టి, పైన రెండు దుప్పట్లు చుట్టె. పైకి పోయినాంక చూస్తే పెదాలు నేరేడుపండు మాదిరి అయినాయి. చలికేమో అని నేను ఇంకా బిగించి కప్తాండా. ఆయప్ప తిరిగి చూసి, "కప్పొద్దు, విప్పమ్మా. ఇంత ఎత్తులో గాలి పల్చన, ఊపిరాడటంలా" అనె.

"మరి కిందికి దించప్పా" అంటి. బెంగళూరు టవరులో ఉండే ఆఫీసరును రేడియోలో అడిగె. అదంతా ఇంగ్లీషు, ఆయప్ప చెప్తేనే తెలిసె. "దిగొద్దు, ఆ ఎత్తులోనే ఉండు, నీ కింద పెద్ద విమానం వస్తాంది" అన్నాడంట. మళ్లా అడిగె, మళ్లా అదే మాట. ఆయప్ప భుజం పట్టుకొని ఏడ్చినా. ఆయప్ప ఇంక టవరును అడగలా. "దిగుతాండా, ఆ విమానాన్ని పక్కకు తిప్పండి" అని చెప్పి దించేసె. కొంచేపుటికి పిల్లోడు కీసుమని ఏడిసె చూడు, నా పాణం లేచొచ్చె.

పిల్లోడు ఆస్పత్రిలో తేరుకునె. ఆయప్పను మాత్రం ఆఫీసుకు పిలిచినారు, లైసెన్సు తీసేస్తారంట. మీ తాత "మనకెందుకు, సుమ్నే గమ్మునుండు" అనె. మనకెందుకేంది? పిల్లోన్ని సంకనేసుకొని పోతి.

ఆడ ఆఫీసరు "ఎంత కిందికి దించినాడమ్మా?" అని అడిగె. అడుగులూ గిడుగులూ నాకేం తెలుసు. "పిల్లోని పెదాలు ఎర్రబడేంత కిందికి" అంటి.

ఆయన పిల్లోని దిక్కు చూసె. "ఆ దినం దిగొద్దనింది నేనేమ్మా. ఆ కింది విమానంలో గూడ తల్లులుండిరి, పిల్లోళ్లుండిరి, ఎట్లనో పక్కకు తిప్పితిమి" అనె. కోపంగా కాదు, మెల్లగా. అప్పటిదంక వాళ్లు నా తలపుకే రాలా తల్లీ.

ఆయప్పను కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెట్టి, మళ్లా నడపనిచ్చిరి. ఇద్దరూ మంచోళ్లే, ఇంకేం చెప్పల్ల...

ఇప్పుటికీ యాడన్నా విమానం సప్పుడైతే దండం పెడ్తా. పైనోళ్లూ, కిందోళ్లూ, వాళ్లను చూసుకునే ఆ టవరులో ఆయప్పా... అందరూ చల్లగుండాల. నువ్వూ చల్లగుండు.