రెండో భాగం రాని శుక్రవారం

చెప్పుల జిగురు పిన్నిగారూ! చెప్పుల జిగురు! నలభై ఏళ్ళు కత్తెర పట్టిన చేతులు, నూలుపోగంత తేడా వస్తే కుట్టు మొత్తం విప్పేసే చేతులు! అవే చేతులతో ఊడిన క్యాప్‌కి చెప్పుల జిగురు రాసి పంటికి అతికించుకుంటారా? అది పన్నా, పాత చెప్పా?

ఊఁహూఁ, మాట్లాడకండి. నోరు ఇంకా పెద్దగా తెరవండి. ఇంకా. కొలతలు తప్పిచ్చినవాళ్ళ మీద అరిచేటప్పుడు తెరుస్తారు చూడండి, అంత. ఆఁ, అలాగే ఉంచండి.

అబ్బబ్బబ్బ, ఏం పట్టు పట్టిందండీ ఇది! నెప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తండి. ఎత్తమన్నాను, నన్ను కొట్టమనలేదు.

మీ కుట్టు షాపు నుంచి నా క్లినిక్కి ఎన్ని మెట్లు? పధ్నాలుగు. మీరు పైన, నేను కింద. మీ మిషను చప్పుడు వింటూనే నేను పళ్ళు పీకుతాను. దారం పంటితో తెంపొద్దని చెప్పానా లేదా? క్యాప్ ఊడితే దాన్నో డబ్బాలో వేసుకుని కిందకి దిగి రమ్మని చెప్పానా లేదా? వింటేగా! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

నా మాట చెవికెక్కదు. ఆ దవడమ్మ మాటంటే మాత్రం వేదవాక్కు.

ఇందాక ఫోన్ తీసి చూపించారుగా. 'పళ్ళికిలింపు' అట, బ్లాగు పేరు. రాసేది దవడమ్మ అట. ముఖం చూపించదు, అసలు పేరు చెప్పదు, డాక్టరో కాదో ఎవరికీ తెలీదు. ఎవరో బస్సు డ్రైవరు ఊడిన క్యాప్‌ని ఇంట్లో ఎలా అతికించుకున్నాడో ఆవిడ రాసిందట, మీరు ఫోన్ పక్కన పెట్టుకుని వరసగా అవన్నీ చేసేశారట! ఆవిడకి బుద్ధి లేదు సరే, మీకేమైంది?

అదిగో, కళ్ళతోనే కరిచేస్తున్నారు. ఆవిణ్ణి ఒక్క మాట అననివ్వరు కదా! పోయిన నెల నా ముఖం మీదే అన్నారు, "డాక్టరమ్మా, నువ్వు పన్నుని బాగు చేస్తావు, దవడమ్మ మనిషిని బాగు చేస్తుంది" అని. ఆ మాటకి నేను ఎంత కుళ్ళుకున్నానో, ఎంత మురిసిపోయానో...

ఏమన్నానూ? ఏం లేదు. పుక్కిలించండి. ఉమ్మెయ్యండి. వెనక్కి వాలండి, ప్రశ్నలు తర్వాత.

ముందు మంచి కబురు వినండి. వేరు బతికే ఉంది. చిగుళ్ళు వాచాయి, ఇంకో వారం ఆగి వచ్చుంటే ఆ పన్ను నా చేతిలోకి ఊడి వచ్చేసేది. బతికిస్తాను. మాటిస్తున్నాను, ఆ పన్ను పోనివ్వను. కొత్త క్యాప్ వేస్తాను, దానికిప్పుడు అచ్చు తియ్యాలి.

ఈ ముద్ద చూశారా? దీన్ని ట్రేలో పెట్టి పళ్ళకి నొక్కుతాను. అయిదు నిమిషాల్లో గట్టిపడుతుంది. అప్పటిదాకా మాట్లాడకూడదు, కదలకూడదు, నవ్వకూడదు. కదిలారో, అచ్చు పాడై కథ మళ్ళీ మొదటికొస్తుంది. ముక్కుతో గాలి పీల్చుకోండి. ఆఁ... అంతే.

బాగా కూర్చుందా? ఇక మాట్లాడలేరుగా? నిజంగా?

దవడమ్మ నేనే.

కదలకండి! ఇప్పుడే చెప్పానా, కదిలితే పాడవుతుందని!

నేనే పిన్నిగారూ. మూడేళ్ళుగా నేనే. నా దగ్గర పళ్ళు చూపించుకునేవాళ్ళకి తెలిస్తే నోరు తెరవడానికి జంకుతారని పేరు మార్చుకున్నాను. మా ఆయనకి తెలుసు, మా ఆడపడుచుకి తెలుసు, ఇప్పుడు మీకు తెలిసింది.

మొదట్లో బాగానే రాసేదాన్నండీ. రెండు నెలలకొకటి. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళ గురించి రాశాను చూడండి, అది చదివి మీరు గబగబా మెట్లు దిగొచ్చి నాకే చదివి వినిపించారు. చదువుతూ చదువుతూ కళ్ళు తుడుచుకున్నారు. నేను దూది అందించాను. అది రాయడానికి నాకు ఎనిమిది వారాలు పట్టింది. చదివింది మొత్తం నలభై మూడు మంది. అందులో ఇద్దరు మా ఇంట్లోవాళ్ళే.

అక్కడ తగులుకుంది మా ఆడపడుచు. తెలుసుగా, పూలకుండీలు ఆన్‌లైన్లో అమ్ముతుంది, మీ దగ్గర కర్టెన్లు కుట్టించుకుని, తన కిటికీ కొలత తనే తప్పిచ్చి మీతో గొడవపడింది, ఆ మహాతల్లే. "వదినా, నువ్విలా రెండు నెలలకోసారి కనిపిస్తే జనం నిన్ను మర్చిపోతారు. పాల ప్యాకెట్టులా ఉండాలి. మంగళవారం, శుక్రవారం, పొద్దున్న ఏడింటికల్లా గుమ్మంలో పడాలి. రుచి సంగతి తర్వాత, ముందు టైముకి రావాలి" అంది.

పడ్డాయి. ఏడాదిన్నర పాటు ఒక్క మంగళవారం తప్పలేదు, ఒక్క శుక్రవారం తప్పలేదు. నలభై మూడు మంది కాస్తా రెండు వేల ఆరు వందలయ్యారు. కళ్ళు నెత్తికెక్కాయంటే నమ్మండి. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే ఎంతమంది చదివారో చూసుకునేదాన్ని. పళ్ళ డాక్టర్ని, సిగ్గులేదూ?

మరి వారానికి రెండంటే ఎక్కణ్ణించి తెస్తానండీ? నోట్లో ఉన్నవే ముప్ఫై రెండు! బ్రష్షు రంగుని బట్టి మనిషి గుణం చెప్పొచ్చని రాశాను. ఆకుపచ్చ బ్రష్షువాళ్ళు జగమొండివాళ్ళని రాసింది మిమ్మల్ని చూసే. పళ్ళల్లో గుచ్చుకునే పుల్లని మొదట కనిపెట్టిందెవరో రాశాను. ఎవరో నాకేం తెలుసు? ఎవరో రాజుగారి వంటవాడని రాసి పారేశాను. దానికి మూడొందల లైకులు! ఒకాయన అది వాళ్ళబ్బాయి చేత బట్టీ పట్టించి బళ్ళో ఉపన్యాసం కూడా ఇప్పించాడట, పాపం.

అదిగో అప్పుడు మీరు రాశారు.

'సూది' అనే పేరుతో కామెంట్లు పెట్టేది మీరేనని నాకు ఎప్పుడో తెలుసులెండి. పైన మిషను చప్పుడు ఆగుతుంది. అయిదు నిమిషాలకి నా ఫోన్లో కామెంటు పడుతుంది. మళ్ళీ మిషను మొదలవుతుంది. ఇంకెవరు? "దవడమ్మగారూ, ఈ మధ్య మీరు నమలట్లేదు, ఊరికే చప్పరిస్తున్నారు" అన్నారు.

గుచ్చుకుందండీ. మూడొందల మంది ఆహా ఓహో అన్నది ఆ సాయంత్రానికే మర్చిపోయాను గానీ, మీ ఒక్క మాట వారం రోజులు వదల్లేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే గుర్తొచ్చేది.

సరే, ఈసారి నమిలి చూపిస్తానని పంతం పట్టి కూర్చున్నాను. మూడు వారాలు రాశాను ఆ బస్సు డ్రైవరు కథ. నిజంగా నా దగ్గరికి వచ్చినాయనే. మర్నాడు కూతురితో ఫోటో దిగాలి, ముందురోజు క్యాప్ ఊడింది. మొదటి సగమంతా ఆయన తంటాలు. గుడ్డతో తుడవడం, జుట్టు ఆరబెట్టుకునే మిషను నోట్లోకి తిప్పుకుని పన్ను ఆరబెట్టుకోవడం, ఒకే ఒక్క చుక్క జిగురు వెయ్యడం, అరవై దాకా లెక్కపెట్టడం, అద్దంలో చూసుకుని నవ్వుకోవడం. రెండో సగంలో ఉంది అసలు సంగతి. కింద వేరు కుళ్ళడం, ఆఖరికి పన్ను పోవడం, 'ఎవరూ ఈ పని చెయ్యకండి' అని నేను కాళ్ళావేళ్ళా పడి చెప్పడం.

మా ఆడపడుచు చదివింది. "బాగుంది వదినా, కానీ ఇంత పొడుగు ఎవరు చదువుతారు? మధ్యకి కోసెయ్యి. మంగళవారం ఒక ముక్క, శుక్రవారం ఒక ముక్క. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు!" అంది.

కోశాను. సరిగ్గా అద్దం దగ్గర. ఆయన అద్దంలో చూసుకుని నవ్వుకున్నాడు, మిగతాది శుక్రవారం. గుడ్డలో ఎక్కడ కత్తెర పడకూడదో మీకు చూడగానే తెలుస్తుంది. నాకు తెలియలేదు.

మరి శుక్రవారం ఏమైందంటారా? అదేనండీ నా ఖర్మ. గురువారం ఆ రెండో ముక్క తీసి చదువుకున్నాను. చప్పగా ఉంది. 'సూది' దీన్ని చూస్తే ఏమంటుందో అనిపించింది. మీకు నచ్చాలి కదా! ఒక్క వారం ఆగి ఇంకా బాగా రాద్దామని పక్కన పెట్టాను. ఆ ఒక్క వారం ఆరు వారాలైంది. ఈలోపు గుమ్మం ఖాళీగా ఉంచకూడదుగా? ప్రయాణంలో బ్రష్షు ఎలా సర్దుకోవాలి, పిల్లికి ఎన్ని పళ్ళుంటాయి, ఇవన్నీ ఏడింటికల్లా ఠంచనుగా పడ్డాయి. రావాల్సిన ఆ ఒక్కటి తప్ప అన్నీ టైముకి వచ్చాయి.

చూడండి మరి! ఏడాదిన్నర పాటు నోటికొచ్చింది రాశాను, ఎవరికీ ఏమీ కాలేదు. బాగా రాద్దామని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆగితే, అది మీ పన్ను మీదికొచ్చింది. నవ్వొస్తోందా? నవ్వకండి, అచ్చు!

మీ క్యాప్ ఊడింది మూడు వారాల క్రితం అన్నారు. రెండో ముక్క ఎంత చప్పగానైనా సరే ఆ శుక్రవారం పెట్టేసి ఉంటే, మీరు ఆ జిగురు సీసా ముట్టేవారే కాదు. ఇందాక మీరు ఈ కుర్చీలో కూర్చుని ఫోన్ తిప్పి చూపించినప్పుడు నాకు ఆ రాని శుక్రవారమే గుర్తొచ్చింది. భయమేసింది పిన్నిగారూ. పన్ను పోతుందేమోనని ఒక భయం. ఇది తెలిస్తే మీరు నన్ను చదవడం మానేస్తారని ఇంకో భయం. ఏ భయం ఎక్కువో అడక్కండి, డాక్టర్ని, చెప్పుకుంటే బాగుండదు.

ఈ తెల్లకోటు చూడండి. మీరు కుట్టిందే. వారంలో ఇస్తానని ఇరవై రెండు రోజులు తిప్పారు. రోజూ పధ్నాలుగు మెట్లెక్కి అడిగాను, రోజూ 'రేపు' అన్నారు. నాలుగేళ్ళయింది, ఒక్క కుట్టు ఊడలేదు. మీరు తేదీ తప్పుతారు గానీ కొలత తప్పరు. నేను తేదీ తప్పకూడదని కొలత తప్పాను.

మరీ పొంగిపోకండి! ఆ ఇరవై రెండు రోజులూ నేను మా ఆయన తెల్లచొక్కా వేసుకుని పళ్ళు పీకాను. వచ్చినవాళ్ళు నన్ను చూసి "డాక్టరుగారు ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగారు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు కూడా. మీరూ ఏం తక్కువ తినలేదు.

రెండో ముక్క ఇవాళే పెట్టేస్తాను. బుధవారం. ఎవరూ ఎదురుచూడని రోజు. మా ఆడపడుచు గుండెలు బాదుకుంటుంది, బాదుకోనివ్వండి. మొదటి వాక్యం, 'ఎవరూ ఈ పని చెయ్యకండి.' రెండో వాక్యం, 'సగం రాసి ఆపిన నా వల్ల ఒకావిడ ఈ పని చేశారు.' మీ పేరు రాయనులెండి. ఆకుపచ్చ బ్రష్షావిడ అని కూడా రాయను. ఆ తర్వాతవి నెలకొకటి వస్తాయో, రెండు నెలలకొకటి వస్తాయో నాకే తెలీదు. మళ్ళీ నలభై మూడు మందే మిగిలినా, అందులో సూది ఉంటే చాలు.

ఏంటలా పక్కకి చూస్తున్నారు? గడియారమా?

అవును. అయిదు నిమిషాలన్నాను. పదమూడు అయింది. అచ్చు ఎప్పుడో గట్టిపడింది. తీసేస్తే మీరు మాట్లాడతారని తియ్యలేదు.

సరే. తీస్తున్నాను. ఏమనాలనుంటే అది అనండి, పడతాను. కొరకాలనిపిస్తే మాత్రం ఎడమ చెయ్యి కొరకండి. కుడి చేత్తో ఆ రెండో ముక్క టైపు చెయ్యాలి.