నీళ్ళు దిగగానే

జెనీవా సరస్సు ఒడ్డున, ఒక చిన్న హోటల్ ముందు బల్ల దగ్గర ఒడెట్, ఎమిల్ వేయించిన చేపముక్కలు తింటున్నారు. ఎదురుగా ఆకాశానికి ఎగిసే ఫౌంటెన్‌ను ముప్పై ఏళ్ళు నడిపి ఎమిల్ నిన్ననే రిటైరయ్యాడు. ఉన్న ఊరినే ఒక్కరోజు టూరిస్టుల్లా చూద్దామని ఒడెట్టే మొగుణ్ణి బయల్దేరదీసింది.

"పూలగడియారం చూపించాను, పడవెక్కించాను. నువ్వేమో ఆ నీళ్ళ వంకే చూస్తున్నావు."

"ఉత్తరగాలి లేస్తోంది. ఈపాటికి కట్టెయ్యాలి."

"కట్టేవాళ్ళు కడతారు. నిమ్మకాయ పిండుకుని తిను."

"ఆలస్యం చేస్తే ఒడ్డున ఉన్నవాళ్ళంతా తడిసిపోతారు."

"పెళ్ళికి ముందు నన్నక్కడికి పిలిచి నిలువునా తడిపావు. అప్పుడేమైందో ఈ జాలి."

"అది గాలి తప్పని ఎన్నేళ్ళుగా చెబుతున్నాను?"

"నేనూ అన్నేళ్ళుగా నమ్మట్లేదు. చేప ఎలా ఉంది?"

"బావుంది. కాకపోతే నీ వంటలా పొగలు కక్కట్లేదు."

"నీకు ఏనాడైనా చల్లారిన కూడు పెట్టానా? ఎలాగో తెలుసా? మన వంటింటి కిటికీలోంచి ఆ ఫౌంటెన్ కనిపిస్తుంది. నీళ్ళు దిగాయంటే నీ పని అయిపోయినట్టే. వెంటనే బంగాళదుంపలు పొయ్యి మీద పెట్టేదాన్ని. నువ్వు మెట్లెక్కేసరికి ఉడికేవి."

"ఇన్నాళ్ళూ చెప్పలేదే."

"చెబితే ఇంక నా గొప్పేముంది?"

అంతలో నీటిధార కుంగి సరస్సులో కలిసిపోయింది. ఒడెట్ చప్పున ఫోర్కు కింద పెట్టి లేచింది.

"ఎక్కడికి?"

"బంగాళదుంపలు..."

ఎమిల్ ఆమె కుర్చీని తన పక్కకు లాక్కున్నాడు.

"కూర్చో. నేను వచ్చేశాను."