నీళ్లు తాగని డ్రైవరు

డెన్మార్క్ పడమటి తీరాన ఒక రేవు ఊరి ఆసుపత్రి. బస్సు డ్రైవరు ప్రెబెన్ కిడ్నీలో రాయిని నిన్న పగలగొట్టారు. ఇవాళ మధ్యాహ్నం డిపో మేనేజరు బిర్గిట్ చూడ్డానికి వచ్చింది.

“కుర్చీ లాక్కోకు. కూర్చోమని నేననలేదు.”

“నిలబడే ఉంటాలే. నొప్పి తగ్గిందా?”

“పూలెందుకు? నేనింకా చావలేదు.”

“ప్రెబెన్, నాలుగు మాటలు అడిగి వెళ్లిపోతాను. నొప్పి ఎప్పుడు మొదలైంది?”

“అడగడానికి సిగ్గు లేదూ? మంగళవారం. బండి నిండా జనం. నడుంలో కత్తి దించి తిప్పినట్టయింది. పక్కకి ఆపి, మెట్ల మీదే కక్కుకున్నాను. ఎవరో ముసలావిడ నా తల పట్టుకుంది. చాలా?”

“తర్వాత?”

“తర్వాతేముంది, కింద నుంచి గొట్టం దూర్చి లేజరుతో రాయి పగలగొట్టారు. లోపల ఇంకో సన్న గొట్టం వదిలేశారు. నిమిషానికోసారి ఒంటికి వస్తున్నట్టే ఉంటుంది. వెళ్తే నాలుగు చుక్కలు. అవీ నెత్తురే. పోసిందంతా జల్లెట్లో వడకట్టి, ముక్కలేరి నర్సుకివ్వాలి. యాభై ఏడేళ్లొచ్చి ఇదీ నా బతుకు... ఏయ్, ఏంటా రాసుకోవడం?”

“ఏం లేదు. తారీఖులు.”

“కంపెనీ పంపిందా? తిండి వల్ల వచ్చిందని రాస్తావా?”

“డాక్టరేమంది?”

“రోజుకి ఎన్ని నీళ్లు తాగుతావంది. డ్యూటీ ఉంటే పొద్దున ఒక కప్పు కాఫీ, అంతే అన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. తాగితే ఎక్కడికెళ్లాలి బిర్గిట్? రేవు స్టాపులో మరుగుదొడ్డికి తాళం వేయించిందెవరు?”

“నేనే.”

“పన్నెండేళ్లు ఒకే రూట్లో బండి తోలాం మనిద్దరం. నీకు తెలీదా ఆ బాధ?”

“తెలుసు.”

“తెలిసే వేశావ్!”

“పైవాళ్లు... సరే, అది వదిలెయ్. తాళం గురించి నాకెన్ని ఉత్తరాలు రాశావు?”

“మూడు! ఒక్కదానికీ జవాబు లేదు.”

“ఎప్పుడెప్పుడు?”

“ఎందుకు? వెతికి మాయం చెయ్యడానికా?”

“చెప్పు ప్రెబెన్.”

“మార్చి రెండు. మే పంతొమ్మిది. ఇంకోటి ఆగస్టు ఆఖర్న, మా అమ్మాయి పెళ్లి మర్నాడు.”

“అంటే ముప్ఫై.”

“ఆఁ, ముప్ఫయ్యే. ఆఫీసులో వెతుక్కో, దొరుకుతాయి.”

“దొరకవు.”

“అదీ సంగతి! రేపు కార్మిక శాఖ తనిఖీ అధికారి వస్తే కంపెనీ చెప్పేది ఇదేగా? ప్రెబెన్ ఉత్తరాలే రాయలేదు, కిడ్నీ పాడుచేసుకుని మా మీద పడుతున్నాడు, అంతేగా? పో ఇక్కణ్ణుంచి! నర్సును పిలవనా?”

“అక్కర్లేదు, వెళ్తున్నాను. తారీఖులు తడబడితే రేపు నన్ను కూడా నమ్మరు, అందుకడిగాను. నీ ఉత్తరాలు మూడూ నాకందాయి ప్రెబెన్. చదివి, నా చేతుల్తో నేనే చించేశాను. అధికారి ముందు అదే చెప్పబోతున్నాను.”