మట్టిగోడను పట్టుకున్న ఇస్రాయేలు

ఇస్రాయేలు నోరు తెరిచాడంటే ఇక్బాల్ టీకొట్టులో ఇంకెవరూ నోరు తెరవక్కర్లేదు. ఆ శుక్రవారం మధ్యాహ్నమూ అంతే. చర్చిలో ప్రార్థన నుంచి నేరుగా వచ్చిన నర్సు లీలాకుమారి ఒక కుర్చీలో, మస్కట్ పక్క బౌషర్ నుంచి పొద్దున్నే బండేసుకొచ్చిన అఖీల్ ఇంకో కుర్చీలో కూర్చున్నారు. అఖీల్‌ది కడప. వాళ్ళ అన్న వహీద్ ఇక్కడ సువైక్‌లో పాత ఊరు తవ్వే గ్యాంగుకి ఫోర్‌మన్. ముట్టుకోవద్దన్న మట్టిగోడ ఒకటి నాలుగు రోజుల కిందట ఎవరో కోసేశారు. ఎవరన్నది తేలకపోయేసరికి కంపెనీ ఆ తప్పుకి వహీద్ పేరు రాసేసింది. ఆదివారం అతను కడపకి వెళ్ళిపోవాలి. పదకొండేళ్ళ డ్యూటీ ఆ ఒక్క గోడతో పోతుంది.

"ఆ పొద్దు సైట్‌లో నువ్వుండావంట గదన్నా," అన్నాడు అఖీల్. "గోడ ఎట్ల పోయిందో చెప్పు. తవ్వకం చూసే మేడమ్‌తో చెప్పుకుంటే మా అన్న ఉంటాడు."

ఇస్రాయేలు టీ గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని మొదలెట్టాడు.

చెప్తాను బాబూ, చెప్పకేం. కానీ ఉన్నపళంగా గోడ మీదకి దూకితే ఎలాగ? మొదట్నుంచీ వినాలి. నేను ముప్పై ఏళ్ళు తాపీ పట్టినోణ్ణి, రాజోలులో మొదలెట్టి ఇక్కడిదాకా. నేను పూసిన గోడ మీద చీమ ఎక్కితే కాలు జారి పడాల్సిందే. లీలమ్మనడుగు.

"అవునన్నయ్యా," అంది లీలాకుమారి, "మా పిన్ని వాళ్ళింట్లో చీమలు మిమ్మల్ని తిట్టుకోని రోజు లేదు."

చూశావా. ఇహ విను. ఖర్జూరం తోటల పక్కన దిబ్బ ఉంది కదా, దాన్ని చదును చేసి కాలనీ కడతారంట. అంతకు ముందే కింద ఏముందో చూసి రాసుకోవాలని హసీనా మేడమ్ గారిని పంపించారు, హైదరాబాదావిడే. తవ్వడమంటే మనం పునాది తవ్వినట్టు కాదండోయ్. తాపీతో గీకాలి, బ్రష్షుతో ఊడవాలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గీకితే బెత్తెడు దిగుతాం. మొదటి రోజు నాకు దొరికింది గోరంత పెంకు. అబద్ధమెందుకాడాలి, గోరంతే. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొడితే, ఇంకో రెండు జానలు దిగు ఇస్రాయేలూ అన్నట్టు మోగింది. దిగాను. జాడీ.

"మోకాలెత్తు ఉంటదా?" అన్నాడు ఇక్బాల్, పాలు తిరగబోస్తూ.

మోకాలా? లోపలికి దిగడానికి నాకు నిచ్చెన వేశారు. అడుగున ఖర్జూర పాకం, వెయ్యేళ్ళ నాటిది, ఇంకా వేలికి అంటుకుంటుంది. ముప్పై మందిమి ఖుబ్బూస్ రొట్టె ముంచుకుని నాలుగు రోజులు తిన్నాం. మేడమ్ గారు కూడా ఓ వేలు నాకి, నువ్వు ఇక్కడ పుట్టాల్సినోడివి ఇస్రాయేలూ అన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

గోడ సంగతి చెప్పన్నా అని అఖీల్ మెల్లగా గుర్తుచేశాడు.

వస్తన్నాను కదా. జాడీ వెనకాల వీధి తేలింది. రెండు వరసల్లో నలభై కొట్లు. ఒక కొట్లో తక్కెడ ఇంకా ఊగుతానే ఉంది, బేరం మధ్యలో లేచెళ్ళినట్టున్నారు. రొట్టెల పొయ్యిలో చెయ్యి పెట్టాను, చురుక్కుమంది. ఇదిగో మచ్చ.

"అది ఇస్త్రీపెట్టె అంటుకుంది," అంది లీలాకుమారి. "కట్టు కట్టింది నేనే."

అది పక్క మచ్చమ్మా. వీధి చివర ఓడ ఉంది. అప్పట్లో సముద్రం అక్కడిదాకా వచ్చేదంట. క్రేను కావాలి, మస్కట్ నుంచి రావాలి, వారం పడుతుంది అని ఇంజినీర్లు తలలు పట్టుకున్నారు. నేను టిఫిను తిని, తలపాగా బిగించి, భుజం పెట్టి ఒక్క తోపు తోశాను. ఓడ లేచి ఒడ్డున కూర్చుంది.

నిజంగా మంచి ఊరు అఖీలూ. ఎవరు కట్టారో, ఎప్పుడు పోయిందో, దానికి పేరేంటో కూడా తెలీదు. తెలీకుండానే మీద కాంక్రీటు పడిపోద్ది. అది తలుచుకుంటే ఈ నాలుగు రోజులూ నాకు ముద్ద దిగట్లేదు.

ఇస్రాయేలు చల్లారిన టీ ఒక గుక్క తాగాడు. మట్టిగోడకి అంత రాద్ధాంతం దేనికన్నా అని ఇక్బాల్ అడిగాడు.

అదా. రెండు గుంటల మధ్య కొంత మట్టి తవ్వకుండా నిలువునా వదిలేస్తారు. పక్కనుంచి చూస్తే పొరలు కనపడతాయి, ఒక్కో రంగు పొర ఒక్కో కాలం. మేడమ్ గారు పొర పొరకీ నంబరేసి చీటీలు కొట్టారు. ఊరి వయసంతా ఆ గోడలోనే ఉందంట. ఎన్ని పెంకులు దొరికినా గోడ లేకపోతే ఏది ముందో ఏది వెనకో ఎవరూ చెప్పలేరంట. మర్నాడు కూర్చుని దాని బొమ్మ గీసుకుందామనుకున్నారు. ఇదంతా ఆవిడ నాకు తర్వాత చెప్పారు.

సరే, ఆ రోజు. మధ్యాహ్నం బ్రేకు. ఎండకి అందరూ షెడ్డులో పడుకున్నారు. వహీద్ నీళ్ళ ట్యాంకు తేవడానికెళ్ళాడు. సైట్‌లో నేనొక్కణ్ణే. కొండల వైపు నుంచి హోరుమని చప్పుడు. చూద్దును కదా, వాదీ, అదే ఆ ఎండిపోయిన వాగు, పొంగి వస్తంది. తాటిచెట్టంత ఎత్తు నీళ్ళు.

"ఆ రోజు చినుకు లేదే," అన్నాడు ఇక్బాల్.

వాన కొండల్లో పడింది. ఇక్కడ పడితే నీకు చెప్పాల్సిన పనేముంది? నేనేం చేశాను, పరిగెత్తానా? గోడకి వీపు ఆనించి, చేతులు బార్లా చాపి నిలబడ్డాను. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి, నడుముకొచ్చాయి, గొంతుకొచ్చాయి. ఒక గంట, రెండు గంటలు, మూడు గంటలు. ఇహ నా వల్ల కాదనుకునేసరికి వెనక ఎవరో గోడకి చెయ్యి వేశారు. తిరిగి చూస్తే ఆ ఊరోళ్ళు. పాత ఊరోళ్ళే. కొట్లవాళ్ళు, రొట్టెలు కాల్చే ఆడవాళ్ళు, ఓడవాళ్ళు, మట్టిలోంచి లేచొచ్చి నాతోపాటు పట్టుకున్నారు. వాళ్ళ ముందు రాజు, నడుముకి వెండి బాకు, ఖంజర్. మా ఊరి పేరు కనిపెట్టారా మేస్త్రీ అనడిగాడు. ఇంకో వారంలో కనిపెడతాం అయ్యగారూ అన్నాను. అయితే గట్టిగా పట్టుకో, మాకు ఉన్నది ఆ గోడొక్కటే అన్నాడు. ప్రభువు సాక్షిగా పట్టుకున్నాను బాబూ. ఇంతలో మసీదు నుంచి సాయంత్రం అసర్ అజా వినపడింది. అందరూ నమాజుకి వెళ్ళిపోయారు. నేనొక్కణ్ణీ ఎంతసేపని ఆపను? చెయ్యి జారింది. గోడ కరిగిపోయింది. కాబట్టి వహీద్ తప్పు లేదు. నా తప్పూ లేదు. నీళ్ళ తప్పు.

ఎవరూ నవ్వలేదు. అఖీల్ జేబులోంచి ఫోన్ తీసి, ఒక ఫోటో తెరిచి, బల్ల మీద ఇస్రాయేలు ముందుకి జరిపాడు. గోడ ఉండాల్సిన చోట నేల గచ్చు చేసినంత చదునుగా ఉంది. దాని మీద చీపురు గీతలు వరసగా ఉన్నాయి. పక్కన బకెట్లో మేడమ్ చీటీలు, మట్టి తుడిచి, నంబర్ల ప్రకారం పేర్చి ఉన్నాయి.

"వరద చీపురు గూడా పట్టిందా అన్నా?" అన్నాడు అఖీల్.

ఇక్బాల్ ఫక్కుమని నవ్వి, ఇస్రాయేలు మొహం చూసి ఆపేశాడు. ఇస్రాయేలు ఫోటోలో ఆ చీపురు గీతల మీద వేలు పెట్టాడు. గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"మర్నాడు పెద్ద ఆఫీసర్ల ఇన్‌స్పెక్షన్ అన్నారు. నేలంతా నున్నగా చేశాం, మధ్యలో ఆ దిమ్మ ఒక్కటే ఉండిపోయింది. ముట్టుకోవద్దన్నారు గానీ ఎందుకో తెలీదు, పని సగంలో వదిలేసినట్టు అనిపించింది. ఇన్నేళ్ళలో సగం పని ఎవరికీ చూపించి ఎరగను. అందరూ పడుకున్నప్పుడు తీసేసి ఊడ్చాను. మేడమ్ గారు మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ వచ్చి అక్కడే కూలబడిపోయారు. ఇహ నేనే తీశానని చెప్పడానికి నోరు రాలేదు."

"మా అన్నకి తెలుసు," అన్నాడు అఖీల్. "నేల చూడంగానే నీ చేతిపనని కనుక్కున్నాడు. నీ అంతట నువ్వే చెప్తావని రూములో ఎదురుచూస్తా ఉండాడు. నన్ను గూడా ఎవురికీ చెప్పొద్దన్నాడు."

లీలాకుమారి కళ్ళు దించుకుంది. మేడమ్ నంబరు కలపమని ఇస్రాయేలు ఫోన్ వెనక్కిచ్చాడు. అఖీల్ కలిపి, స్పీకరు పెట్టి, బల్ల మధ్యలో ఉంచాడు.

"మేడమ్ గారూ, ఇస్రాయేలుని. గోడ కోసింది నేను. వహీద్ అప్పుడు సైట్‌లో లేడు."

వహీద్ పేరు ఇవాళే తీయిస్తానంది ఆవిడ. అఖీల్ రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. అంతటితో పెట్టేస్తుందనుకున్నారు గానీ ఆవిడ పెట్టలేదు.

"ఇస్రాయేలు గారూ, కోసేటప్పుడు ఆ గోడలో ఏం కనిపించింది? పైన ఉన్నది బూడిదా, ఇసుకా? నల్ల చారలు ఎన్ని? ఏ కొంచెం గుర్తున్నా చెప్పండి, రాసుకుంటాను."

కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. ముగ్గురూ ఇస్రాయేలు వైపే చూస్తున్నారు. అతను నోరు తెరిచాడు.

"తెలీదు మేడమ్ గారూ," అన్నాడు. "నేను నేల లెవెల్ చూసుకున్నాను. గోడ చూడలేదు."