గానుగెద్దు నిలబడిన తలుపు

మారెక్క అని ఒక పిల్ల ఉండెనంట. గొడ్లను కట్టే పలుపులు పేనే కాటమయ్య కూతురు. తల్లి లేదు, చిన్నప్పుడే పోయింది. పదారేండ్లు కూడా సరిగ్గా నిండలేదు, నీళ్ళకు పోతే ఇంకా బిందె సంకనేసుకోని గెంతుకుంటా వచ్చే వయసనుకో. ఆ పిల్లకి కడుపొచ్చింది. ఏందే ఆ నవ్వు? నవ్వేదానికి చెప్పలే నేను. చేతులు ఆపకుండా శెనక్కాయలు వొలవండి, నోర్లు మాత్రం ఆపండి. పెండ్లా? కాలేదు. ఎవురే వాడు అని నాయన అడిగె, గట్టిగా అరిచె, ఆనక కాళ్ళకాడ కూచోని ఏడ్చె, చెప్పకపోతే బాయిలో పడతా అనె. ఆ పిల్ల నోరు తెరవలే. మోకాళ్ళ మీద తల పెట్టుకోని అట్లనే కూచున్నెంట. ఇంక కాటమయ్య ఏం చేస్తాడు, నార తీసుకోని పలుపు పేనుకుంటా వాకిట్లో కూచున్నాడు. వానికి భయమేసినా అంతే, కోపమొచ్చినా అంతే, చేతులు వాటంతట అవే పేనుతాంటాయి.

ఊరికి తెలిసె. తెలిసినాక ఇంకేముంది. ఆ పిల్ల వీధిలో వస్తాందంటే ఒక తలుపు మూసుకుంటాది, దాని పక్క తలుపు, దాని పక్క తలుపు, ధడేల్ ధడేల్ మని వీధి పొడుగునా అదే సప్పుడు. మావి ఆడపిల్లలున్న కొంపలమ్మా అంటారు. నీళ్ళకాడ ఆ పిల్ల బిందె పెడితే పక్క బిందెలోళ్ళు తమ బిందెలు అంత దూరం జరుపుకుంటారు. కాటమయ్య పలుపులు మాకొద్దని సంతలో కొనుక్కొచ్చుకున్నారంట. అవి వారం తిరక్కుండా పుటుక్కుమనె, మళ్ళా పాతవే ముడేసి కట్టుకున్న్యారు, అది వేరే సంగతి. అందరికన్నా పెద్ద నోరు గానుగ ఈరమ్మది. మొగుడు పోయినాక గానుగ ఆమే నడిపిస్తాండె. ఒక్కడే కొడుకు సంజన్న, పదిహేడేండ్లోడు. గానుగెద్దును తోలేది వాడే. వాడు పక్కన లేకపోతే ఆ ఎద్దు అడుగు తియ్యదు, వాడు యాడుంటే అది ఆడ. నూనెకొచ్చిన ఆడోళ్ళకంతా ఈరమ్మ చెప్పేది ఒకటే మాట. “దాన్ని ఊర్లో పెట్టుకుంటే మన పిల్లలు చెడిపోరామ్మా? ఎవురన్నా దాని గడప తొక్కినారో, నా గానుగకాడికి రావద్దండి.” ఆమె అట్లా అంటాంటే ఆ సంజన్న తలొంచుకోని ఎద్దు ఎనకాల తిరుగుతాంటాడు. తిరిగి తిరిగి, గుండ్రంగా, ఎద్దే నయం, దానికి కండ్లకి గంతలన్నా ఉండాయి.

ఇంక సుంకులవ్వ సంగతి చెప్తా. ఆ ఊరికంతటికీ మంత్రసాని ఆమే. ఊరి పెద్దలు పిలిచి, అవ్వా, నువ్వు ఆ ఇంటికి పోవద్దు, పోతే ఊర్లో పిల్లలంతా ఇట్లా చేసినా ఏం కాదనుకుంటారు అని చెప్పినారంట. ఆమె వక్కాకు నములుతా అంతా విన్నె. ఇని, నాయనా, మిమ్మల్నందర్నీ బయటికి లాగింది ఈ చెయ్యే, లాగేముందు ఎవుర్నీ అడగలే, పిలిస్తే పోతా అనె. పిలిచినారు. ఒక పొద్దున కాటమయ్య పరిగెత్తుకుంటా వచ్చె, అవ్వా, నొప్పులు అనె. ఆమె గుడ్డలు సంకనేసుకోని పాయె.

ఏమైందంటే, పొద్దు నెత్తి మీదికొచ్చినా బిడ్డ రాలే. ఆ పిల్లకేమో సత్తువ అయిపోతాంది. పెద్దదయితే పండ్లు కరుచుకోని భరిస్తాది, అది పిల్ల గదమ్మా, అదిరిపోతాంది. అవ్వా నేను సచ్చిపోతానా అంటాదంట. ఇంక యాడికీ పోను, ఇంట్లోనే ఉంటా, చెప్పినట్టు వింటా, ఇదొకటి ఆపవ్వా అంటాదంట. ఆనక, మా అమ్మను పిలువు అనె. ఎవుర్ని పిలస్తాది? సుంకులవ్వ ఆ పిల్ల తల నిమురుతా, ఉండు తల్లీ, ఉండు అని, బయటికొచ్చి కాటమయ్యతో చెప్పింది. “ముడులు విప్పించు. పో.”

మీకు తెలీదు గదా, ఆ ఊర్లో అదొక ఆనవాయితీ. కానుపు కష్టమైతే ఊర్లో ఏదీ బిగించి ఉండకూడదు. బీగాలు తియ్యాల, గొళ్ళేలు తియ్యాల, గొడ్ల పలుపులు విప్పాల, ఆడోళ్ళు కొప్పులు విప్పాల, గింజల మూట మూతి విప్పాల. ఒక్క ఇంట్లో ఒక్క ముడి ఉన్నా బిడ్డ లోపలే బిగుసుకుంటాదంట. తల్లికేమన్నా అయితే ఆ ఉసురు ముడి విప్పనోళ్ళ ఇంటికి కొడతాది. అదీ వాళ్ళ భయం.

కాటమయ్య పాయె. ఎవురెవురు తన కూతుర్ని చూసి తలుపులేసుకున్న్యారో, ఆ తలుపులే కొట్టాల గదా ఇప్పుడు. మొదటి తలుపు ముందర నిలబడుకోని చెయ్యెత్తలేకపాయెనంట. అప్పుడు కూతురి అరుపు వినపడె. ఇంక చూడలే, ధబధబ బాదినాడు. “అమ్మా, తలుపు తియ్యండి, నా బిడ్డ పోతాంది, పలుపులు విప్పండమ్మా, అన్నీ నేను పేనినవే, మీకు విప్పడం రాకపోతే నేనే విప్పుతా.” లోపలామె తియ్యాలా వద్దా అని గొళ్ళెం మీద చెయ్యి పెట్టుకోని నిలబడిందంట. తీస్తే ఈరమ్మ ఏమంటాదో. తియ్యకపోతే ఉసురు. ఉసురుకే ఎక్కువ భయపడి తీసె. జాలితో తీసిందనుకోకండి, భయంతోనే తీసింది. ఒకామె తీస్తే పక్కామె తీసె. అట్లా వీధంతా తీసిరి. ఎనుములు బయటికొచ్చె, దూడలు తల్లుల మీద పడె, మేకలు ఎవరి పందిట్లోనో దూరె, కోళ్ళు గంపల కిందనుంచి లేసె, ఊరి ఆడోళ్ళంతా జుట్లు విరబోసుకోని వీధిలో నిలబడిరి. ఎవురన్నా కొత్తోడు చూసుంటే దడుసుకోని పారిపోయుండేవాడు.

అయినా బిడ్డ రాలే. కాటమయ్య వాకిట్లోకొచ్చి కూలబడినాడు. సుంకులవ్వ తలుపులోనుంచి తొంగి చూసి, ఓరి నీ చేతులిరగ, ఏం చేస్తాండావురా అని ఒక్కరుపు అరిచె. చూస్తే ఏముంది, ఆయన చేతుల్లో నార! ఊరంతా ముడులు విప్పించుకోనొచ్చి, ఈడ కూచోని దడకి పలుపు పేనుతాండాడు, తనకే తెలీకుండా. అయ్యో తల్లీ నేనే చంపుతాంటినా అని ఆ నారంతా పోగు పోగు పీకి పారేసె, చేతులు ఎనక్కి పెట్టుకోని ఏడ్చె. నవ్వండి, ఇది నవ్వొచ్చేదే. ఆ పొద్దు నవ్వినోళ్ళు మాత్రం ఎవురూ లేరు. ఎందుకంటే ఆ నార పీకినాక కూడా బిడ్డ రాలే. లోపల అరుపు కూడా చిన్నదైపాయె.

అరిచినంతసేపు ఊరోళ్ళు విసుక్కున్న్యారు, అరుపు చిన్నదైతే భయపడినారు. నీ ఇంట్లో బీగం తీసినావామే అని ఒకామె, నీ మొలతాడు విప్పలేదేమో చూసుకో అని ఇంకొకామె, ఒకరి మీద ఒకరు. ఒక ముసలామె ముడుపు కట్టి దేవుని గూట్లో పెట్టినాది జ్ఞాపకమొచ్చి, దేవునికి లెంపలేసుకోని అది కూడా విప్పె. ఊహూ. సుంకులవ్వ బయటికొచ్చి అందర్నీ చూసి, ఏదో ఒకటి ఉండాది, యాడనో బిగించి ఉండాది, చెప్పండి, పిల్ల నిలవదు ఇంక అనె. అప్పుడు కాటమయ్య తలెత్తి, అవ్వా, ఒకటి చూసినా అనె. “ఊర్లో గొడ్లన్నీ విప్పంగానే తలా ఒక దిక్కు పాయె. ఈరమ్మ గానుగెద్దు మాత్రం యాడికీ పోలే. ఆమె పెరట్లో గింజల కొట్టు తలుపుకాడ నిలబడుకోని, మూతి ఆ తలుపుకి ఆనించి అరుస్తాంది.”

అందరూ ఈరమ్మ దిక్కు తిరిగిరి. ఊరంతా ఈడుండాది, పిల్లలతో సహా. సంజన్న యాడ? ఈరమ్మ, వాడు మా అన్నోళ్ళ ఊరికి పోయినాడు గదా, నిన్ననే, అనె. అంటా కొంగు గుప్పిట్లో బిగించుకుంది. సుంకులవ్వ ఆమె చెయ్యి పట్టుకోని పక్కకి తీసుకపాయె. అరవలే, తిట్టలే. “ఈరీ, నీ పెండ్లయిన మర్సటేడు, నీకు పద్నాలుగేండ్లు, నీ కానుపు నేనే చేసినా. జ్ఞాపకముండాదా? నువ్వు కూడా మీ అమ్మను పిలువమనే ఏడ్చినావు. ఆ పొద్దు ఈ కాటమయ్య నాయన ఊరంతా తిరిగి పలుపులు విప్పినాడు. నిన్నెవురూ చెడ్డదనలే, మెడలో తాళి ఉండె గాబట్టి. భయం మాత్రం ఇద్దరిదీ ఒకటే.” ఈరమ్మ కిందికి జారి కూచుండిపాయె. వాడు పిల్లోడవ్వా అనె. వానికేం తెలుసు, పొద్దున ఆ అరుపు విని, అమ్మా నేను పోవాల, అది నా బిడ్డే అనె, ఏం చెయ్యాలో తెలీక కొట్లో తోసి బీగమేస్తి, వాడిట్లా బయటపడితే ఊరు వాణ్ణి బతకనిస్తాదా, నన్నే అనరా, ఇన్ని మాటలన్న్యా గదా నేను, అని ఏడ్చె. సుంకులవ్వ అనింది, ఆడ లోపలుండేది కూడా పిల్లేనే.

చూడండమ్మా, పెండ్లయితే పెద్దదైపాయ, పెండ్లి కాకపోతే చెడిపాయ. పద్నాలుగుకి ఒకటి, పదారుకి ఒకటి. పిల్లలు పిల్లల మాదిరి ఎప్పుడుండాల మరి? సరే, కథలోకొస్తా. బీగంచెవి ఈరమ్మ కొంగుకే ముడేసి ఉండాదంట. జుట్టు విప్పింది, మూటలు విప్పింది, కొంగు ముడి మాత్రం మర్సిపోలే, దాసుకుంది. ఎంతకీ రాకపాయె ఆ ముడి. పండ్లతో కొరికి విప్పుకోని పరిగెత్తె. తలుపు తియ్యంగానే సంజన్న బయటపడినాడు, తలుపు గుద్ది గుద్ది చేతులు వాచిపోయినాయి. తల్లిని చూడలే, ఎద్దును చూడలే, వీధిలో అంతమంది ముందర నుంచి ఉరుకుతా పోయి, ఆ గడపకాడ నిలబడి, “మారెక్కా, నేనొచ్చినా. ఈడనే ఉండా” అని అరిచె. ఎన్ని నెలలు దాసుకున్న్యాడో ఆ మాట, ఊరంతా వినేటట్టు అరిచె. కాటమయ్య కండ్లు మూసుకున్న్యాడు. ఆనక బిడ్డ ఏడ్చె.

ఆడబిడ్డ. తల్లి కూడా బతికె, బతికిందిలే, ఊపిరి వదలండి. వీధిలో ఎవురో కొప్పు ముడేసుకోబోతాంటే సుంకులవ్వ లోపలనుంచే, ఏయ్, బిడ్డ ఎనక మాయ ఇంకా పడలే, ఎవుతైనా కొప్పు కట్టిందో కొప్పు కోసేస్తా అనె. అందరూ చేతులు దించిరి. అట్లా విరబోసుకోని, తలుపులు బార్లా తెరుసుకోని, పొద్దు వాలేదాకా నిలబడిరంట. తలుపులు తెరిసుంటే ఇంక ఏం చేస్తారు, ఒకామె ఉడుకునీళ్ళు తెచ్చె, ఒకామె పాత చీర తెచ్చె. అందరికన్నా ఎనక ఈరమ్మ వచ్చె, చేతిలో నూనె గిన్నె. పసిబిడ్డకి ఒళ్ళంతా పట్టించేదానికి, గానుగలో ముందురోజు ఆడిన నూనె. గడపకాడ ఆగిపాయె, లోపలికి పోవాలంటే మొకం చెల్లలే. కాటమయ్య లేసి పక్కకి జరిగి దావ ఇచ్చె.

అంతా బాగైపాయెనా అంటే, ఏం బాగు? మూడోనాటికే నోర్లు మళ్ళా లేసె. పెండ్లి చేసినారు, చేస్తే, ముందు బిడ్డ ఆనక పెండ్లి అని పుల్లవిరుపు మాటలు. పిల్లకి పాలు పట్టడం రాదు, పిల్లోడికి బిడ్డను ఎత్తుకోవడం రాదు, రాత్రంతా ముగ్గురూ ఏడ్చేవాళ్ళంట. వాళ్ళు పడిన యాతన ఇంతంతా కాదు, చిన్నతనమంతా ఆడనే అయిపాయె ఇద్దరికీ. ఒకటి మాత్రం నిజం, ఆ పిల్ల వీధిలో పోతే మళ్ళా తలుపు వేసుకున్నోళ్ళు లేరు.

అయిపాయ కథ. ఏమే నాగేంద్రమ్మా, శెనక్కాయలు అట్ల పడేసి యాడికి లేస్తాండావు? మీ పక్కింటి పిల్ల జ్ఞాపకమొచ్చెనా, నిన్న దాన్ని చూసి గొళ్ళెం పెట్టుకున్న్యావే, ఆ పిల్ల? దానికింకా నెలలు నిండలేదులే, ఎనుముల పలుపులు విప్పే పనిలేదు ఇప్పుడే. పోయి తలుపు తీసి, తింటివా పాపా అని అడుగు పో.